భూగర్భ జలాల వాడకంపై కొత్త ఆంక్షలు రాకముందే బావి కాగితాలు సరిచూసుకోండి

కొత్త బోరుకు దరఖాస్తు పెట్టాం కదా అని బోరు బండిని పిలవొద్దు, అనుమతి చేతికొచ్చాకే తవ్వకం.

- పాత బావి ఉంటే ముందు దాన్ని నమోదు చేయించండి. చాలా చోట్ల కొత్త నిబంధనలు వచ్చినా, అప్పటికే రికార్డుల్లో ఉండి వాడుకలో ఉన్న బావులకు మినహాయింపు దొరుకుతుంది, కాబట్టి తవ్విన తేదీ, లోతు, కేసింగ్ (బోరు గోడ కూలకుండా లోపల దింపే పైపు) వివరాలు, మోటారు సామర్థ్యం, కరెంటు బిల్లులు, మీటర్ రీడింగులు అన్నీ ఒకే ఫైల్లో ఉంచండి. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే.
- భూమి మీదైతే నీటి హక్కూ మీదే అనుకోవద్దు, కొన్ని చట్టాల్లో అవి వేర్వేరు. కొనేటప్పుడు అనుమతి మీ పేరుకు మారుతుందో లేదో రాతపూర్వకంగా అడగండి.
- కొత్త బోరు వేసే చోటుకు పక్క బావుల నుంచి, సెప్టిక్ ట్యాంకు నుంచి దూరం కొలిపించండి.
- ఇంటి వాడకానికి తీసుకున్న అనుమతితో వ్యాపారానికి నీళ్లు తోడితే అది రద్దయ్యే ప్రమాదం ఉంది.
- అనుమతి గడువు, పొడిగింపు తేదీ రాసిపెట్టుకోండి. ఇచ్చిన దరఖాస్తుకు రసీదు తప్పకుండా తీసుకోండి.