నంబర్ పోర్ట్ ఎక్కడ ఆగింది? సమస్యను బట్టి కారణం, పరిష్కారం

పాత నంబర్ అలాగే ఉంచుకుని వేరే మొబైల్ కంపెనీకి మారడమే పోర్ట్. ఆ పని మధ్యలో ఆగిపోతే చాలామంది పాత కంపెనీ కస్టమర్ కేర్‌కి ఒకసారి, కొత్త సిమ్ ఇచ్చిన షాపుకి ఒకసారి తిరుగుతారు. వీళ్లు వాళ్లని అడగమంటారు, వాళ్లు వీళ్లని అడగమంటారు. ఈ తిరుగుడు తప్పాలంటే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. 1900కి మెసేజ్ పంపితే వచ్చే, కొత్త కంపెనీలో ఇవ్వాల్సిన యూపీసీ కోడ్ మీకు వచ్చిందా, రాలేదా?

2019 డిసెంబర్ 16 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాలు మారాయి. అంతకుముందు కోడ్ అడగ్గానే వచ్చేది, పేచీ తర్వాత మొదలయ్యేది. ఇప్పుడు కోడ్ ఇవ్వడానికి ముందే బకాయిలు, గడువులు అన్నీ చూస్తారు. కాబట్టి కోడ్ రాలేదంటే అడ్డు పాత కంపెనీ దగ్గర ఉన్నట్టు. కోడ్ వచ్చి, కొత్త కంపెనీలో దరఖాస్తు కూడా పెట్టేశాక ఆలస్యమైతే అడగాల్సింది కొత్త కంపెనీనే. ఇక సమస్యలు ఒక్కొక్కటిగా చూద్దాం.

1900కి మెసేజ్ వెళ్లడమే లేదు

ఇంగ్లిష్‌లో పోర్ట్ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, పది అంకెల నంబర్ వేసి 1900కి పంపాలి. నంబర్ ముందు సున్నా గానీ 91 గానీ పెట్టకండి.

చిన్న రీఛార్జ్ ప్లాన్లలో ఎస్‌ఎంఎస్‌లు ఉండవు. అలాంటప్పుడు ఈ మెసేజ్ ఆగిపోతే "ముందు పెద్ద ప్లాన్ వేయించుకోండి" అని చెప్పేవాళ్లుంటారు. ఒప్పుకోకండి. ఏ ప్లాన్‌లో ఉన్నా, ఎంత రీఛార్జ్ చేసినా 1900కి మెసేజ్ వెళ్లనివ్వాల్సిందేనని 2021 డిసెంబర్‌లో ట్రాయ్ అన్ని కంపెనీలనూ ఆదేశించింది. మీ కంపెనీ ఫిర్యాదుల నంబర్ 198కి ఫోన్ చేసి, ఈ సంగతి చెప్పి, ఫిర్యాదు నంబర్ అడిగి రాసుకోండి. వదిలి వెళ్లడానికి మనిషి చేత డబ్బు కట్టించడం అన్యాయం, అందుకే ఆ ఆదేశం వచ్చింది.

మెసేజ్ వెళ్లింది, కోడ్ మాత్రం రాలేదు

ముందు మీ ఫోన్‌లో ఏ సిమ్ నుంచి మెసేజ్ వెళ్లిందో చూడండి. రెండు సిమ్‌ల ఫోన్‌లో ఎస్‌ఎంఎస్‌కి ఒక సిమ్ ఖాయం చేసి ఉంటుంది. పోర్ట్ చేయాల్సిన నంబర్ సిమ్ 1లో ఉంటే మెసేజ్ సిమ్ 2 నుంచి పోయి ఉండొచ్చు. అప్పుడు కోడ్ రాదు. మెసేజ్ టైప్ చేసే చోట, పంపే బాణం గుర్తు దగ్గర 1 అనో 2 అనో చిన్నగా కనిపిస్తుంది. దాన్ని నొక్కి మార్చి మళ్లీ పంపండి.

సిమ్ సరైనదే అయితే తిరిగొచ్చిన మెసేజ్ పూర్తిగా చదవండి, కోడ్ ఎందుకు ఇవ్వలేదో అందులోనే ఉంటుంది. ఎక్కువగా కనిపించేది 90 రోజుల నిబంధన. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు పూర్తి కాకుండా ఇంకో కంపెనీకి పోలేరు. కొత్త కనెక్షన్‌కీ ఇదే లెక్క, పోర్ట్ అయి వచ్చిన నంబర్‌కీ ఇదే లెక్క. దీనికి ఎదురుచూడటం తప్ప దారి లేదు. అందుకే మారే ముందు కొత్త కంపెనీ సిగ్నల్ మీ ఇంట్లో ఎలా ఉందో చూసుకోమని గట్టిగా చెప్తాను. ఆ సిమ్ ఉన్న పక్కింటివాళ్లనో చుట్టాలనో పిలిచి, వంటగదిలో, పడగ్గదిలో నిలబడి కాల్ చేయించండి. నచ్చక వెనక్కి రావాలన్నా మూడు నెలలు ఆగాలి మరి.

పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు బాకీ ఉందేమో చూడండి. వచ్చిన బిల్లు మొత్తం కట్టి, అది ఖాతాలో కనిపించాక మళ్లీ మెసేజ్ పంపండి.

సిమ్ పోయిందనో పాడైందనో ఈమధ్యే అదే నంబర్‌తో కొత్త సిమ్ తీసుకున్నారా? అలా తీసుకున్న రోజు నుంచి 7 రోజులు కోడ్ ఇవ్వరు. 2024 జూలై 1 నుంచి వచ్చిన నియమం ఇది. ఒకరి పేరున దొంగచాటుగా సిమ్ తీసి, వెంటనే వేరే కంపెనీకి లాక్కుపోయే మోసాలను ఆపడానికి పెట్టారు. వారం ఆగండి, అంతే.

ఆఫీసు ఇచ్చిన కార్పొరేట్ నంబర్ అయితే కంపెనీ నుంచి అనుమతి లేఖ కావాలి. నంబర్ ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మార్చే దరఖాస్తు నడుస్తుంటే అది పూర్తయ్యే దాకా కోడ్ రాదు. నంబర్ మీద కోర్టు కేసు ఉన్నా అంతే.

కోడ్ ఉంది, షాపులో పని కావడం లేదు

కోడ్ ఎనిమిది అక్షరాలది, నాలుగు రోజులే చెల్లుతుంది. జమ్ము కశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో మాత్రం 30 రోజులు. గడువు దాటితే మళ్లీ 1900కి మెసేజ్ పెడితే సరిపోతుంది.

ఎక్కువ మంది అవస్థ పడేది వేలిముద్ర దగ్గర. పొలం పనులు, తాపీ పని చేసేవాళ్లకి, పెద్దవయసు ఆడవాళ్లకి గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషన్ మీద ఎన్నిసార్లు పెట్టినా ఎర్ర లైటే వెలుగుతుంది. చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడిచి, బొటనవేలు కాకుండా మిగతా వేళ్లు ఒక్కొక్కటీ పెట్టించండి. ఉంగరపు వేలు పడటం నేను చాలాసార్లు చూశాను. అప్పటికీ కాకపోతే వేలిముద్ర లేకుండా ఆధార్ కార్డు ఫొటో, మనిషి ఫొటో తీసుకుని చేసే డిజిటల్ కేవైసీ పద్ధతి ఉంది. "అది మా దగ్గర లేదు" అంటే ఆ కంపెనీ సొంత స్టోర్‌కి వెళ్లండి. పెద్దవాళ్లని పదిసార్లు తిప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త. రోడ్డు పక్క గొడుగు కింద సిమ్‌లు అమ్మే చోట "పడలేదు, ఇంకోసారి పెట్టండి" అని రెండోసారి వేలిముద్ర తీసుకుని, దానితో మీ పేరున ఇంకో సిమ్ తీసిన కేసులు ఉన్నాయి. ఎందుకు పడలేదో స్క్రీన్ చూపించమని అడగండి. ఇంటికొచ్చాక టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో మీ పేరున ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసుకోండి. తెలియని నంబర్ కనిపిస్తే అది మీది కాదని అక్కడే తెలియజేయొచ్చు.

ఇంకొకటి, సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్లే వెళ్లాలి. నాన్నగారి పేరున ఉన్న నంబర్‌ని కొడుకు ఆధార్‌తో పోర్ట్ చేయించకండి. పేరు మారాలంటే ముందు పాత కంపెనీలో పేరు మార్పించుకుని, తర్వాత పోర్ట్ పెట్టాలి.

రోజులు గడుస్తున్నా పాత సిమ్మే పనిచేస్తోంది

ఒకే సర్కిల్‌లో (టెలికాం లెక్కలో దేశాన్ని విభజించిన ప్రాంతం) అయితే 3 పనిదినాలు, వేరే సర్కిల్‌కి అయితే 5 పనిదినాలు పడుతుంది. కార్పొరేట్ నంబర్లకీ 5. ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. శుక్రవారం సాయంత్రం పెట్టి సోమవారం టెన్షన్ పడొద్దు.

రాష్ట్రాలు రెండైనా టెలికాం లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇంకా ఒకే సర్కిల్. వరంగల్ నంబర్‌ని విశాఖలో పోర్ట్ చేయించినా 3 రోజుల లెక్కే. బెంగళూరులోనో చెన్నైలోనో స్థిరపడి అక్కడి కనెక్షన్‌కి మారుతుంటే 5. విదేశాల నుంచి సెలవు మీద వచ్చి, బ్యాంకు ఓటీపీల కోసం ఉంచుకున్న ఇండియా నంబర్‌ని మార్చుకునేవాళ్లు దిగిన మొదటి వారంలోనే ఈ పని పెట్టుకోండి. తిరుగు ప్రయాణం ముందు పెట్టుకుంటే సిమ్ పనిచేస్తోందో లేదో చూసుకునే వ్యవధి ఉండదు.

గడువు దాటినా కాకపోతే కొత్త కంపెనీ దగ్గర ఫిర్యాదు పెట్టండి. ఈలోగా పాత సిమ్ తీసేయకండి, మెసేజ్‌లన్నీ దానికే వస్తాయి. అందులో సేవ్ అయి ఉన్న నంబర్లు ముందే ఫోన్‌లోకి కాపీ చేసుకోండి. కీప్యాడ్ ఫోన్ వాడే పెద్దవాళ్ల నంబర్లన్నీ సిమ్‌లోనే ఉంటాయి. పాత సిమ్ పారేస్తే అవన్నీ పోయినట్టే. మిగిలిన బ్యాలెన్స్, ప్లాన్ రోజులు కూడా కొత్త కంపెనీకి రావు. కాబట్టి ప్లాన్ అయిపోయే వారంలో పోర్ట్ పెడితే డబ్బు వృథా కాదు.

పాత సిమ్‌కీ సిగ్నల్ లేదు, కొత్త సిమ్‌కీ లేదు

ఇది లోపం కాదు. నంబర్ ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారే ఆ కాసేపు ఏ సిమ్మూ పనిచేయదు. ఈ విరామం 4 గంటలు మించకూడదు. పాత సిమ్ సిగ్నల్ పోగానే కొత్త సిమ్ వేసి, ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేయండి. 4 గంటలు దాటితే సిమ్‌ని వేరే ఫోన్‌లో పెట్టి చూడండి. అక్కడా రాకపోతే వేరే నంబర్ నుంచి కొత్త కంపెనీకి ఫోన్ చేయండి.

ఫోన్ సంగతీ చూసుకోవాలి. జియోకి 2జీ లేదు, పాత కీప్యాడ్ ఫోన్‌లో అది పనిచేయదు. జియో భారత్ ఫోన్‌లోనేమో వేరే కంపెనీ సిమ్ పనిచేయదు. 2024 జూలైలో ప్రైవేట్ కంపెనీలు ధరలు పెంచాక చాలామంది బీఎస్‌ఎన్‌ఎల్‌కి మారారు. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి వాడే సిగ్నల్ బ్యాండ్లలో 700 మెగాహెర్ట్జ్ ఒకటి. అది మీ ఫోన్‌లో లేకపోతే పక్కవాళ్ల ఫోన్‌లో 4జీ వచ్చే చోట మీకు రాకపోవచ్చు.

కాల్స్ వస్తున్నాయి, నెట్ రావడం లేదు

ఫోన్‌ని కంపెనీ నెట్‌కి కలిపే ఏపీఎన్ సెట్టింగ్ పాత కంపెనీదే ఉండిపోయి ఉంటుంది. మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఏపీఎన్‌ని రీసెట్ చేసి ఫోన్ రీస్టార్ట్ చేయండి. నెట్ వచ్చి కాల్స్ కలవకపోతే వోల్టీ (4జీ మీదే కాల్స్ వెళ్లే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో చూడండి.

ఓటీపీలు రావడం లేదు, కొందరి కాల్స్ కలవడం లేదు

మీ నంబర్ ఇప్పుడు ఏ కంపెనీలో ఉందో ప్రతి కంపెనీ తన జాబితాలో మార్చుకోవాలి. అవతలివాళ్ల కంపెనీ అది మార్చుకోకపోతే వాళ్ల కాల్ పాత చోటికే వెళ్లి ఆగిపోతుంది. ఇలాంటప్పుడు మీరు ఎంత అడిగినా లాభం తక్కువ. ఫోన్ కలవనివాళ్లని వాళ్ల కంపెనీ 198కి ఫిర్యాదు చేయమనండి. మీరు కూడా ఎవరు, ఏ నంబర్ నుంచి, ఎన్ని గంటలకు చేశారో రాసి కొత్త కంపెనీకి ఇవ్వండి. ఒక్క బ్యాంకు ఓటీపీ మాత్రమే రాకపోతే ఆ బ్యాంకుకి కూడా చెప్పాలి.

వాట్సాప్‌కి సాధారణంగా ఏమీ కాదు. యూపీఐ యాప్ మాత్రం సిమ్ మారిందని గుర్తించి మళ్లీ వెరిఫై చేయమంటుంది. అందుకు ఆ సిమ్ నుంచి ఒక ఎస్‌ఎంఎస్ వెళ్లాలి కాబట్టి ఎస్‌ఎంఎస్ ఉన్న ప్లాన్ వేసుకోండి. సిమ్ మారే రోజు చేతిలో కొంత నగదు ఉంచుకుంటే మంచిది.

వెళ్లిపోయాక పాత కంపెనీ నుంచి బిల్లు వచ్చింది

పోస్ట్‌పెయిడ్‌లో చివరి బిల్లు తర్వాత వాడుకున్న రోజులకు వచ్చే బిల్లు అది. లెక్క సరిగ్గా ఉంటే కట్టేయండి. కట్టకపోతే పాత కంపెనీ చెప్పి, కొత్త కంపెనీలో ఉన్న మీ నంబర్‌ని ఆపించగలదు. లెక్క తప్పైతే రాతపూర్వకంగా అడగండి. ఫిర్యాదుకు సరైన జవాబు రాకపోతే 30 రోజుల్లోగా ఆ కంపెనీలోనే ఉండే, అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చు, దానికి ఫీజు లేదు.

నేను పెట్టలేదు, అయినా పోర్ట్ రిక్వెస్ట్ అందిందని మెసేజ్ వచ్చింది

దీన్ని రేపటికి వాయిదా వేయకండి. ఇంగ్లిష్‌లో క్యాన్సిల్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, నంబర్ వేసి 1900కి పంపండి. రిక్వెస్ట్ పెట్టిన 24 గంటల్లోపు పంపితేనే ఇది పనిచేస్తుంది. వెంటనే మీ కంపెనీకి, బ్యాంకుకి ఫోన్ చేయండి. నంబర్ మోసగాళ్ల చేతికి పోతే మీ ఓటీపీలన్నీ వాళ్లకే వెళ్తాయి.

మీ ఫోన్ నుంచి మెసేజ్ వెళ్లకుండా కోడ్ పుట్టదు. అందుకే మోసగాళ్లు "మీ సిమ్ ఆగిపోతుంది, ఈ మెసేజ్ పంపి వచ్చిన కోడ్ చెప్పండి" అని మన చేతే చేయిస్తారు. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ మాట ముందే చెప్పి ఉంచండి. 1900కి మెసేజ్ పంపమని ఫోన్ వస్తే ఆ ఫోన్ కట్ చేసేయమనండి, ఆ కోడ్ షాపులో ఎదురుగా కూర్చుని దరఖాస్తు నింపేటప్పుడు తప్ప ఎవరికీ చెప్పొద్దనండి.