తక్కువ ఖర్చులో యూరప్ – మూడో పాఠం: పారిస్‌లో ఫ్రీ ఎవరికి?

రెండో పాఠంలో బస్సు టికెట్ బుక్ చేయడం దాకా వచ్చాం. జర్మనీలోని కొలోన్‌లో రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి పారిస్ బెర్సీ బస్ స్టేషన్‌లో దిగారనుకుందాం. బస్సు వద్దని చవక ఫ్లైట్ వెతుక్కునేవాళ్లు ఏ ఎయిర్‌పోర్టో ముందు చూసుకోండి. బోవే అని ఒకటుంది. టికెట్ మీద పారిస్ అనే ఉంటుంది గానీ ఊరికి ఎనభై కిలోమీటర్ల అవతల. అక్కణ్ణుంచి ఊళ్లోకి బస్సుకే రానూపోనూ ముప్ఫై యూరోలు దాటుతుంది. ఫ్లైట్‌లో మిగిలిందంతా అక్కడే సరి.

ఈ పాఠం ముఖ్యంగా జర్మనీలోనో, యూరోపియన్ యూనియన్‌లోని ఇంకో దేశంలోనో చదువుకుంటూ, చేతిలో రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకి. ఇండియా నుంచి టూరిస్ట్ వీసా మీద వచ్చేవాళ్లకి ఇందులో సగం పనికొస్తుంది. అదెక్కడో వచ్చినప్పుడు చెబుతాను.

ఈసారి నేర్చుకోవాల్సింది ఒక్కటే పని: మ్యూజియం రేట్ల పేజీ చదవడం. ఇదీ ఒక పాఠమేనా అంటారేమో. పైన పెద్దక్షరాల్లో ఉన్న రేటు చూసి, అమ్మో అనుకుని, లూవ్ర్ మ్యూజియం బయటున్న గాజు పిరమిడ్ దగ్గర ఫొటో దిగి వచ్చేసేవాళ్లు మనలో చాలామంది. ఆ పేజీని కింద నుంచి చదవండి. ఉచిత ప్రవేశం ఎవరికన్నది అడుగునే ఉంటుంది. అక్కడ మూడు విషయాలు పట్టుకోవాలి: వయసెంత, పౌరులకా నివాసులకా, నివాసులకైతే ఏ దేశంలో నివాసం.

లూవ్ర్‌తో మొదలుపెడదాం. 2024 జనవరిలో దాని టికెట్ 22 యూరోలైంది. 2026 జనవరి నుంచి యూరోపియన్ ఎకనమిక్ ఏరియా (యూరోపియన్ యూనియన్ దేశాలు, వాటితోపాటు నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్) బయటి నుంచి వచ్చేవాళ్లకి 32 చేశారు. కానీ కిందికి వెళ్తే, పద్దెనిమిది దాటి ఇంకా ఇరవై ఆరు రాని, యూరోపియన్ ఎకనమిక్ ఏరియాలో నివసించేవాళ్లకి ఉచితం అని ఉంటుంది. అడిగింది నివాసం, పౌరసత్వం కాదు. అంటే మీది ఇండియన్ పాస్‌పోర్టే అయినా, జర్మనీలోని ఆఖెన్‌లో ఎమ్మెస్ చేస్తున్న ఇరవై నాలుగేళ్ల మీరు పైసా కట్టక్కర్లేదు. ఓర్సే మ్యూజియంలోనూ దాదాపు ఇదే పద్ధతి.

ఇక సేంత్ షపెల్ (పాత రాజుల ప్రార్థనా మందిరం), ఆర్క్ ద త్రియోంఫ్ (విజయ తోరణం) పేజీలు తెరవండి. వయసు అదే. నివాసం దగ్గర మాత్రం చిన్న తేడా: యూరోపియన్ యూనియన్ పౌరులు, లేదా ఫ్రాన్స్‌లో నివసించే ఇతర దేశస్థులు. జర్మనీ కార్డు ఇక్కడ చెల్లదు. లూవ్ర్‌లో ఫ్రీగా వెళ్లారు కదా అని ఇక్కడా అదే ధైర్యంతో క్యూలో నిలబడితే, గేటు దగ్గర డబ్బులు కట్టమంటారు. వాళ్లతో వాదించి లాభం లేదు, రూలు వాళ్ల వైపే ఉంది.

గేటు దగ్గర ఏం చూస్తారో తెలుసుకుంటే టెన్షన్ ఉండదు. వాళ్లకి కావాల్సినవి రెండే, పుట్టినతేదీ, నివాసం. జర్మనీ రెసిడెన్స్ కార్డులో ఆ రెండూ ఉంటాయి. యూనివర్సిటీ కార్డు చూపిస్తే పని జరగదు, చదువుతున్నారా లేదా అన్నది వాళ్లకి అనవసరం. ఫోన్‌లో ఫొటో ఉందిలే అనుకోకండి, అసలు కార్డే తీసుకెళ్లండి. సరిహద్దు దగ్గర బస్సు ఆపి తనిఖీ చేస్తే ఎలాగూ కార్డు, పాస్‌పోర్టు రెండూ చూపించాలి.

ఉచితమైనా టైమ్ స్లాట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. లూవ్ర్‌కి మంగళవారం సెలవు, ఓర్సేకి సోమవారం. ఈ రెండూ తెలియకుండా ప్లాన్ వేసుకుంటే రోజు పోయినట్టే.

టికెట్ ఫ్రీ అయినందుకు అసలు లాభం వేరే ఉందంటాను. లూవ్ర్‌కి 32 యూరోలు పోసినవాళ్లు డబ్బు గిట్టుబాటు కావాలని పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కాళ్లు పీకేలా తిరుగుతారు. మీకు ఆ అవసరం లేదు. రెండు స్లాట్లు తీసుకుని రెండు విడతలుగా చూడండి. బుధ, శుక్రవారాల్లో రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది. ఒక సాయంత్రం దెనో అనే విభాగం వైపు వెళ్లండి, మోనాలిసా అక్కడే. 77 సెంటీమీటర్ల ఎత్తు బొమ్మ, దాని ముందు జాతర. మోనాలిసాని ఫొటో తీసేవాళ్లంతా ఎదుటి గోడ మీదున్న, వెరొనేసే అనే చిత్రకారుడు గీసిన 'కానాలో పెళ్లివిందు'కి వీపు పెట్టి నిలబడతారు. లూవ్ర్ మొత్తంలో అదే అతిపెద్ద చిత్రం, దాదాపు పది మీటర్ల వెడల్పు. తోసుకోకుండా వెనక్కి తిరగండి చాలు. ఇంకో రోజు రిషెల్యూ అనే విభాగం వైపు వెళ్తే ప్రాచీన బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనమున్న నల్లరాయి ఉంటుంది, మనిషి కంటే ఎత్తు. జనం పెద్దగా ఉండరు.

ఇరవై ఆరు దాటినవాళ్లు, టూరిస్ట్ వీసా మీద వచ్చినవాళ్లు ఇక్కణ్ణుంచి చదవండి. పారిస్ నగరపాలక సంస్థ మ్యూజియాల్లో చాలావాటిలో శాశ్వత ప్రదర్శన అందరికీ ఉచితం. వయసు, దేశం ఏదీ అడగరు. ఊరి చరిత్ర చెప్పే కార్నవాలే, కళాఖండాలున్న ప్తీ పలే, వోజ్ చౌక్‌లో విక్టర్ హ్యూగో ఉన్న ఇల్లు, అన్నీ ఈ లెక్కలోవే. ఒక్కటే చూసే టైముంటే కార్నవాలే చూడండి. నోత్రదామ్ చర్చి కూడా ఉచితమే. 2019 ఏప్రిల్‌లో తగలబడి, 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు. లోపలికి టికెట్ అని ఎవరైనా అమ్మజూపితే అది మోసం.

మెట్రో గురించి క్లుప్తంగా. నావిగో ఈజీ అనే కార్డు రెండు యూరోలకి కొని టికెట్లు అందులో వేయించుకోవాలి. ఇద్దరు కలిసి ఒకే కార్డుతో వెళ్లడం కుదరదు. మెట్రో దిగి బస్సెక్కితే ఇంకో టికెట్. వారం పాస్ చూసి చవకే కదా అని మురిసిపోకండి. అది సోమవారం మొదలై ఆదివారం ముగుస్తుంది, మీరు శుక్రవారం దిగితే దండగ. టూరిస్ట్ బస్సు బదులు మామూలు 69 నంబరు సిటీ బస్సెక్కండి. బాస్టీ, లూవ్ర్ మీదుగా ఈఫిల్ టవర్ పక్కనున్న మైదానం దాకా వెళ్తుంది. చీకటి పడ్డాక గంటగంటకీ టవర్ ఐదు నిమిషాలు మిలమిలలాడుతుంది, దానికి టికెట్ లేదు.

తిండికి టవర్ చుట్టుపక్కల ఏదీ కొనొద్దు. ఏ వీధి బేకరీలోనైనా బగెట్ (పొడుగాటి బ్రెడ్) యూరోకి అటూఇటూగా వస్తుంది. హోటల్లో కూర్చుంటే "ఊన్ కరాఫ్ దో, సిల్ వూ ప్లే" అనండి, కుళాయి నీళ్లు జగ్గుతో ఉచితంగా తెస్తారు. లేకపోతే సీసా నీళ్లు తెచ్చి బిల్లులో వేస్తారు. అన్నం మీదికి మనసు పోతే గార్ ద్యు నార్ రైల్వే స్టేషన్ వెనక లా షపెల్ అనే పేట వైపు నడవండి. శ్రీలంక తమిళుల కొట్లు వరసగా ఉంటాయి. దోసె, వడ, సాంబారు అన్నీ దొరుకుతాయి.

అభ్యాసం: ముగ్గురు ఒకే వారాంతంలో పారిస్ వెళ్తున్నారు. ఒకరు ఆఖెన్‌లో చదివే ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. ఇంకొకరు ఆమె క్లాస్‌మేట్, ఇరవై ఏడు. మూడోవాడు విజయవాడ నుంచి టూరిస్ట్ వీసా మీద వచ్చిన ఆమె తమ్ముడు, ఇరవై రెండు. లూవ్ర్, సేంత్ షపెల్, కార్నవాలే మూడింటికీ ఎవరెంత కట్టాలో ఆయా పేజీలు తెరిచి రాయండి. తర్వాత వెర్సాయ్ రాజభవనం పేజీలో పై మూడు విషయాలూ వెతకండి. తోటలకి ఏ రోజుల్లో టికెట్ ఉంటుందో, ఏ రోజుల్లో ఉండదో కూడా చూసిపెట్టుకోండి, నాలుగో పాఠం అక్కణ్ణుంచే మొదలు.