పాత అమెరికా ఎన్నికల పట్టిక చదివే ముందు సగం చేయండి

చాలా ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. 1789 ఎన్నికలో వాషింగ్టన్‌కు 69 ఓట్లు, జాన్ ఆడమ్స్‌కు 34 అని బోర్డు మీద రాసి, ఆడమ్స్ ఓడిపోయాడని పిల్లలకు చెప్పాను. అది తప్పు. నిరుడు న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, మనవరాలు స్కూలు ప్రాజెక్టుకని అదే పట్టిక తెచ్చింది. "తాతయ్యా, ఓటేసింది 69 మందే కదా, అన్నీ కూడితే 138 ఎలా వచ్చాయి?" అంది.

మీరూ అలాగే ముందు కూడండి. వచ్చినదాన్ని సగం చేయండి. అదే ఎలక్టర్ల సంఖ్య, అంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రాలు పంపిన ప్రతినిధుల సంఖ్య. అప్పట్లో ఒక్కో ఎలక్టరు ఇద్దరి పేర్లు రాయాలి. ఎవరు అధ్యక్షుడిగా, ఎవరు ఉపాధ్యక్షుడిగా అని రాయడానికి వీల్లేదు. ఎలక్టర్లలో సగానికి మించిన మంది ఓట్లు తెచ్చుకుని ముందున్నవాడు అధ్యక్షుడు, తర్వాతివాడు ఉపాధ్యక్షుడు. రెండో పదవికి మెజారిటీ అక్కర్లేదు కాబట్టే ఆడమ్స్‌కు 34 సరిపోయాయి.

తర్వాత ఏ రాష్ట్రాలు లేవో చూడండి. 1789 పట్టికలో పదే ఉంటాయి. నార్త్ కరోలినా, రోడ్ ఐలండ్ అప్పటికి రాజ్యాంగాన్ని ఆమోదించలేదు. న్యూయార్క్ శాసనసభలో రెండు సభలకూ పొసగక ఎలక్టర్లనే పంపలేదు. ప్రజల ఓట్ల లెక్క కోసం వెతకొద్దు. చాలా చోట్ల ఎలక్టర్లను శాసనసభలే ఎంచేవి.

1796లో ఎలక్టర్లు 138 మంది, మెజారిటీకి 70 కావాలి. ఆడమ్స్‌కు 71, జెఫర్సన్‌కు 68. ప్రత్యర్థులే అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు అయ్యారు.

1800 దగ్గర తొందరపడకండి, అసలు కథంతా అక్కడే ఉంది. నేను డైనింగ్ టేబుల్ మీద వేరుశనగ గింజలు పోసి, ఒక్కో ఎలక్టరుకు రెండేసి ఇచ్చి చూపించాను. జెఫర్సన్ 73, బర్ 73, ఆడమ్స్ 65, చార్లెస్ కోట్స్‌వర్త్ పింక్నీ 64, జాన్ జే 1. ఆ చివరి 1 దగ్గర వేలు పెట్టండి. ఒకే పార్టీవాళ్లయిన ఆడమ్స్, పింక్నీ సమానం కాకుండా రోడ్ ఐలండ్ ఎలక్టరు ఒకరు తన రెండో ఓటు జేకి వేశారు. జెఫర్సన్, బర్‌ల పార్టీలో ఆ పని ఎవరూ చేయలేదు. బర్‌ను ఉపాధ్యక్షుడిగా అనుకున్నా, టై అయింది.

టై అయినా, ఎవరికీ మెజారిటీ రాకపోయినా తేల్చేది ప్రతినిధుల సభ (మన లోక్‌సభ లాంటిది). ఆ లెక్క వేరే కాగితం మీద వేయండి. అక్కడ రాష్ట్రానికి ఒక్కటే ఓటు. 16 రాష్ట్రాల్లో 9 కావాలి. 35 సార్లు ఓటింగ్ జరిగినా జెఫర్సన్‌కు 8 దాటలేదు. 1801 ఫిబ్రవరి 17న, 36వ సారి, పది రాష్ట్రాలు ఆయన వైపు వచ్చాయి. దేశమంతా ఆ వారం ఎంత టెన్షన్ పడి ఉంటుందో ఆ అంకెల్లోనే కనిపిస్తుంది.

1804లో వచ్చిన 12వ సవరణతో రెండు పదవులకూ ఓట్లు విడివిడి అయ్యాయి. అందుకని ఆ తర్వాతి పట్టికల్ని సగం చేయకూడదు. మనవరాలు అలవాటుగా 1824 నాటి మొత్తం 261నీ సగం చేయబోయింది, ఆపాను. జాక్సన్ 99, జాన్ క్విన్సీ ఆడమ్స్ 84, క్రాఫర్డ్ 41, క్లే 37. "131 ఎవరికీ రాలేదు తాతయ్యా" అంటూ ప్రతినిధుల సభ కోసం తనే ఇంకో కాగితం తీసుకుంది.