రొమ్ము ఆపరేషన్ తర్వాత యోగా: ముందు చెయ్యి లేవాలి

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ ఆస్పత్రికి వచ్చి రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్నవాళ్లకు యోగా అనగానే సూర్యనమస్కారాలే గుర్తొస్తాయి. వాటిని ఇప్పటికి పక్కన పెట్టండి. చంకలో లింఫు గ్రంథులు తీశాక ఆ చేతిలోంచి నీరు దిగే దారులు తగ్గిపోతాయి. అలాంటి చేతిమీద ఒక్కసారిగా ఒంటి బరువు మోపకూడదు.

ఆపరేషన్ చోట చేరే నీరు బయటికి పోవడానికి పెట్టే డ్రెయిన్ గొట్టం ఉన్నన్నాళ్లూ సాధారణంగా చేతిని భుజం ఎత్తు దాటనివ్వరు. అది తీసి, కుట్లు మాని, సర్జన్ సరేనన్నాకే కింది సాధన.

చలికాలంలో బెంగళూరు గచ్చు జిల్లుమంటుంది, కండరాలు బిగుస్తాయి. అందుకే మంచం మీదో, మందపాటి జంపఖానా మీదో వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు మడిచి ఉంచండి. తల కింద కాకుండా, తలకు అవతల చేతులు వాల్చే చోట రెండు దిండ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకోండి. ఒక కర్ర, లేదంటే మడిచిన గొడుగు, రెండు చేతులతో భుజాల వెడల్పున పట్టుకోండి. గాలి పీలుస్తూ పైకెత్తి, తల వెనక్కి తీసుకెళ్లండి. బాగున్న చెయ్యే బరువంతా మోయాలి. లాగినట్టు అనిపించిన చోట ఆగి, నిదానంగా 3 సార్లు గాలి వదలండి. దిండు అందితే చేతుల్ని దాని మీద వాల్చండి. పొద్దున 5 సార్లు, సాయంత్రం 5 సార్లు.

ఇక్కడే చాలామంది తమను తాము మోసం చేసుకుంటారు. చెయ్యి వెనక్కి పోయిందనుకుంటారు గానీ, నడుము పైకి లేచి, మోచెయ్యి వంగి ఉంటుంది. భుజం మాత్రం కదల్లేదు. పక్కటెముకలు పైకి పొడుచుకొస్తే ఎత్తు తగ్గించండి. చంక నుంచి మోచేతి దాకా తాడులా బిగుసుకుంటే గుంజొద్దు, ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

రేడియేషన్ రోజుల్లో భ్రామరి (తుమ్మెదలా ఝుమ్మంటూ గాలి వదలడం), శవాసనం చాలు. వదులు నూలు బట్టలు వేసుకోండి, చెయ్యి దిండు మీద ఎత్తుగా పెట్టుకోండి. రేడియేషన్ అయిపోయాక కూడా నెలల తరబడి ఆ చోట కండరం బిగుస్తూనే ఉంటుంది కాబట్టి కర్ర సాధన మానొద్దు. బెంగళూరు దగ్గర జిగణిలోని ఎస్-వ్యాస యోగా విశ్వవిద్యాలయం, అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆస్పత్రి వాళ్లు కలిసి రేడియేషన్ తీసుకునేవాళ్లతో వారానికి 3 సార్లు, 6 వారాలు యోగా చేయించి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఒంటితో పనులు చేసుకునే సత్తా మెరుగైంది. నీరసం మాత్రం మామూలు స్ట్రెచింగ్ చేసినవాళ్లకూ తగ్గింది, కాబట్టి ఆసనం పేరు గురించి మరీ పట్టింపు అక్కర్లేదు.

లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ అనే హార్మోన్ వైద్యం మాత్రలు వాడేవాళ్లకు ఎముకలు పలచబడతాయి. పశ్చిమోత్తానాసనం (కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగేది), గట్టిగా మెలితిప్పే ఆసనాలు వద్దు. ఎముకలకు జబ్బు పాకి ఉంటే ఆంకాలజిస్టును అడగకుండా ఏదీ మొదలెట్టొద్దు. కీమోతో అరికాళ్లు మొద్దుబారితే తాడాసనం (నిటారుగా నిలబడేది) గోడ పక్కనే చెయ్యండి.

కొత్తది మొదలెట్టిన మర్నాడు గాజులు, జాకెట్టు చెయ్యి చూసుకోండి. నిన్న వదులుగా ఉన్నది ఇవాళ బిగుతైతే, చెయ్యి బరువెక్కితే, ఆ కదలిక ఆపి డాక్టరుకు చెప్పండి. ఎర్రబడి జ్వరం కూడా వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.