మన ఎండలకు తట్టుకునే ఉకులేలే: లూథియర్ దగ్గర చేయించుకోవడం ఎలా?

ఫ్యాక్టరీలో చేసిన ఉకులేలే (గిటార్‌లా ఉండే నాలుగు తీగల చిన్న వాద్యం) అయితే దుకాణానికి వెళ్లి, చేతిలోకి తీసుకుని, నాలుగు తీగలూ మీటి చూసి కొనుక్కోవచ్చు. సొంతంగా పనిచేసే లూథియర్ (తీగ వాద్యాలు చేతితో తయారుచేసే పనివాడు) దగ్గర ఆ వీలుండదు. మీరు అడ్వాన్సు కట్టేనాటికి మీ వాద్యం ఇంకా పలకల రూపంలోనే ఉంటుంది. కాబట్టి డబ్బు పంపకముందే అన్నీ మాట్లాడుకోవాలి. నల్లగొండ, పాలమూరు వైపు ఉండేవాళ్లు అన్నిటికంటే ముందు మాట్లాడాల్సింది వాతావరణం గురించి.

రోహిణి కార్తెలో ఇక్కడ ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. మధ్యాహ్నం గాలిలో తేమ 20 శాతం దరిదాపులకు పడిపోతుంది. వానాకాలం ముసురులో అదే 80 దాటుతుంది. లూథియర్లు మామూలుగా 45–50 శాతం తేమ ఉన్న గదిలో వాద్యాన్ని అతికిస్తారు. కర్ర నిలువునా పెద్దగా మారదు కానీ, అడ్డంగా తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఉకులేలే పైపలక మందం రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అంత పలుచని పలక అంత తేడాను ఏటా తట్టుకోవాలి. పగుళ్లలో ఎక్కువ భాగం దీనివల్లే వస్తాయి. ఇంత జాగ్రత్త మీవల్ల కాదనుకుంటే ప్లైవుడ్‌లా పొరలు అతికించి చేసిన లామినేట్ ఉకులేలే కొనుక్కోండి, అది మొండిది. అసలు ఉకులేలే ఎప్పుడూ పట్టనివాళ్లు కూడా ముందు చవకది కొని కొన్ని నెలలు వాయించాకే లూథియర్ దగ్గరికి రావడం మంచిది. మీ వేళ్లకు ఏ నెక్ (చేత్తో పట్టుకునే మెడ భాగం) కుదురుతుందో అప్పుడే తెలుస్తుంది.

1. సైజు, తీగలు తేల్చుకోండి

నట్ (మెడ పైకొనన తీగలు ఆనే పట్టీ) నుంచి సాడిల్ (పైపలకకు అతికించిన బ్రిడ్జి అనే దిమ్మ మీద తీగలు ఆనే పట్టీ) దాకా ఉండే తీగ పొడవును స్కేల్ అంటారు. సోప్రానోకి ఇది 13–14 అంగుళాలు, కన్సర్ట్‌కి 15, టెనర్‌కి 17, బారిటోన్‌కి 19–20 ఉంటుంది. మొదటి మూడింటినీ జి-సి-ఇ-ఎ శృతిలో, బారిటోన్‌ను గిటార్ పై నాలుగు తీగల్లా డి-జి-బి-ఇలో కలుపుతారు. పాటకు తోడుగా వాయించాలంటే టెనర్, దానికి లో-జి (కింది స్థాయి జి) తీగ అడగండి. కింది స్థాయి స్వరాలు నిండుగా వస్తాయి. ఉకులేలే అనగానే గుర్తొచ్చే ఆ గలగల కావాలంటే హై-జి (పై స్థాయి జి). ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే లో-జి తీగ లావుగా ఉంటుంది, నట్‌లో గాడి దానికి తగ్గట్టు కోయాలి. వేళ్లు లావైనవాళ్లు నట్ వెడల్పు 35 బదులు 38 మిల్లీమీటర్లు పెట్టమనండి. స్టీలు తీగలు మాత్రం ఎప్పటికీ వేయకండి. నైలాన్ లేదా ఫ్లోరోకార్బన్ తీగలకు మించిన లాగుడు పడితే బ్రిడ్జి ఊడొస్తుంది.

2. కర్ర, పాలిష్

హవాయి వాళ్లది కోవా కర్ర. మహోగని మెత్తటి నాదం ఇస్తుంది, స్ప్రూస్ పైపలక గట్టిగా, స్పష్టంగా పలుకుతుంది. ఏ కర్ర అన్నదాని కంటే అది ఎన్నేళ్లు ఆరిందన్నది ముఖ్యం. ఆ ప్రశ్న మొహమాటపడకుండా అడగండి. విదేశీ లూథియర్ అయితే బ్రెజిలియన్ రోజ్‌వుడ్ వద్దనండి, దానికి సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి పత్రాలు కావాలి. మన ఇండియన్ రోజ్‌వుడ్‌తో పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 నుంచి ఆ బాధ లేదు. బయటి దేశం నుంచి వస్తే కస్టమ్స్ సుంకం, జీఎస్టీ అదనం. చెప్పిన ధరలో అవి ఉండవని లెక్కేసుకోండి.

ఫ్రెంచ్ పాలిష్ చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కానీ అది లక్కతో చేసింది. చెమటకు మసకబారుతుంది, శానిటైజర్ చుక్క పడితే మచ్చే. మన దగ్గర రోజూ వాయించేవాళ్లకు ఆయిల్ ఫినిష్ లేదా పలుచటి లాకర్ (వార్నిష్ లాంటి పూత) మేలు.

3. అంతా రాతలో పెట్టుకోండి

స్కేల్, నట్ వెడల్పు, కర్రలు, పాలిష్, తీగలు, పికప్ (ధ్వనిని స్పీకరుకు పంపే పరికరం) కావాలో వద్దో, కేసు (వాద్యం పెట్టుకునే పెట్టె) ఎవరిదో, అడ్వాన్సు ఎంత, ఎన్ని నెలల్లో ఇస్తారు, దారిలో విరిగితే బాధ్యత ఎవరిది: ఇవన్నీ ఒక్క మెసేజ్‌లో రాసి ఒప్పుకున్నట్టు జవాబు తీసుకోండి. మీ ఊళ్లో ఎండాకాలం, వానాకాలం తేమ ఎంతుంటుందో అందులోనే రాయండి. ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) కొనలు ఫ్రెట్‌బోర్డు (అవి దిగేసిన పలక) అంచుకు కాస్త లోపలికే ఉండేలా చేయమని అడగండి. వేసవిలో బోర్డు ముడుచుకున్నప్పుడు ఆ లోహపు కొనలే బయటికొచ్చి అరచేతిని గీస్తాయి.

4. ఏ నెలలో రప్పించుకోవాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు. ఏప్రిల్, మేలో పని పూర్తయినా జూన్ దాకా లూథియర్ దగ్గరే ఉంచమనండి. మామూలు కర్ర జిగురు 60 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలవుతుంది. ఎండలో ఆగిన డెలివరీ వ్యాన్‌లో, బస్సు డిక్కీలో ఆ వేడి అసాధ్యమేమీ కాదు. హైదరాబాద్ దాకా వెళ్లి తెచ్చుకునేవాళ్లు కూడా కారు దిగినప్పుడల్లా వాద్యాన్ని వెంట తీసుకెళ్లండి.

5. పెట్టె వచ్చాక

వెంటనే విప్పొద్దు. నీడలో, గది వేడికి సర్దుకునేలా ఒక రోజు వదిలేయండి. తర్వాత వీడియో తీస్తూ విప్పండి. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే పెగ్గులుండే తల భాగం) మొదలు, బ్రిడ్జి చుట్టూ, పైపలక మధ్య అతుకు మీద టార్చి వెలుతురు ఏటవాలుగా వేసి చూడండి. సన్నటి పగులు నేరుగా వేసిన వెలుతురులో కనబడదు.

తీగల ఎత్తు చూడటానికి పనిముట్లు అక్కర్లేదు. అంకెలు ఉబ్బెత్తుగా లేని ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. మూడు కార్డులు కలిపి పన్నెండో ఫ్రెట్ మీద, తీగ కింద దూర్చండి. మూడు సులువుగా పట్టి, నాలుగోది పెడితే తీగ పైకి లేస్తే ఎత్తు సరిగ్గా ఉన్నట్టు. నాలుగూ వదులుగా పడితే ఎత్తు ఎక్కువైనట్టు, వేళ్లు నొస్తాయి. తర్వాత మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కిపట్టి మొదటి ఫ్రెట్ పైన ఖాళీ చూడండి. కాగితమంత సందు చాలు. అంతకు మించి ఉంటే నట్ గాడి లోతు చాలలేదు, మొదటి ఫ్రెట్ స్వరాలు శృతి మించి పలుకుతాయి. చివరగా ట్యూనర్ పెట్టి, ఉత్త తీగనూ పన్నెండో ఫ్రెట్‌లో నొక్కిన తీగనూ పోల్చండి. అయిదు సెంట్ల (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) లోపు తేడా ఫరవాలేదు. కొత్త నైలాన్ తీగలు మొదటి వారమంతా సాగుతూ శృతి దిగుతుంటాయి. అది పెగ్గుల లోపం కాదు.

6. ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

సజ్జ మీద వద్దు, స్లాబుకు దగ్గరగా అక్కడ వేడి ఎక్కువ. కేసులోనే, గది లోపలి గోడ వైపు ఉంచండి. కేసులో చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ (తేమ కొలిచే మీటరు), 49 శాతం తేమ నిలిపే రెండువైపులా పనిచేసే (ఎక్కువైతే పీల్చి, తక్కువైతే వదిలే) ప్యాకెట్ వేయండి. మీటరు నిజం చెబుతోందో లేదో ఇలా తెలుస్తుంది: సీసా మూతలో ఉప్పు పోసి, తడి పిండిలా అయ్యేంత నీళ్లు చిలకరించి, మీటరుతో కలిపి జిప్ కవర్లో రాత్రంతా మూసిపెట్టండి. పొద్దున 75 చూపించాలి, ఎంత తేడా ఉంటే అంత కలుపుకోవాలి, లేదా తీసేయాలి. కూలర్ నడిచే గది వేసవిలో వాద్యానికి మంచిదే, దాని గాలి నేరుగా తగలనంత వరకు.

తీగలు గరగరమంటూ ఫ్రెట్లకు తగులుతుంటే పైపలక ఆరి కుంగిందన్నమాట. వానాకాలంలో తీగలు పైకి లేస్తే ఉబ్బింది. రెండిటికీ ముందు తేమ సరిచేసి పది రోజులు ఆగండి, తొందరపడి సాడిల్ అరగదీయొద్దు. పగులు కనబడితే తీగలు సగం వదులు చేసి, ఫొటో తీసి లూథియర్‌కి పంపండి. సూపర్ గ్లూ మాత్రం ముట్టించొద్దు. అది పాలిష్‌ను తినేస్తుంది, పగులులో గట్టిపడ్డాక లూథియర్ తన జిగురు పట్టించడానికి చోటే మిగలదు.