అద్దం ముందు లాలాజల గ్రంథులు, టాన్సిల్స్ గుర్తుపట్టడం ఎలా?

అద్దం, ఫోన్ టార్చ్, ఉడికించి ఆరబెట్టిన నూలుగుడ్డ ముక్క, స్టీలు చెంచా, నిమ్మచెక్క దగ్గర పెట్టుకోండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. అన్నం తిన్న వెంటనే మాత్రం వద్దు, వాంతి వస్తుంది.

ముందు పళ్ళు గట్టిగా కరిచి బుగ్గ తడమండి. వేలికి బిగుసుకుని తగిలేది నమిలే కండరం. దాని వెనక అంచు నుంచి చెవి తమ్మె కింది దాకా పరుచుకున్నది పెరోటిడ్ గ్రంథి, మూడు జతల లాలాజల గ్రంథుల్లో పెద్దది. ఆరోగ్యంగా ఉంటే చేతికి విడిగా తెలియదు. గవదబిళ్ళల్లో వాచి చెవి తమ్మెను పైకి నెట్టేది ఇదే.

దీని నాళం పొడవు సుమారు 5 సెంటీమీటర్లు. ఆ కండరం మీదుగా వచ్చి బుగ్గలోకి దూరి, పైవరుసలో జ్ఞానదంతానికి ముందున్న పన్నుకు ఎదురుగా తెరుచుకుంటుంది. బుగ్గను వేలితో బయటికి లాగి, అక్కడ గుడ్డతో అద్ది తడి తీసేయండి. చిన్న కండబుడిపె కనిపిస్తుంది. నాలుక మీద నిమ్మచుక్క వేసుకుని, చెవి దగ్గర నుంచి ముందుకు నెమ్మదిగా నొక్కండి. బుడిపె కొసన నీళ్ళలాంటి చుక్క ఊరి, మెరిసి, జారిపోతుంది. తడి తీయకపోతే ఇది కనపడదు, చాలామంది తప్పేది ఇక్కడే. బుగ్గ లోపలి పసుపు రవ్వల్లాంటి చుక్కలు నూనె గ్రంథులు, భయం వద్దు.

ఇప్పుడు నాలుక పైకెత్తండి. మధ్య తీగకు చెరోపక్క ఉన్న బుడిపెలు దవడ కింది గ్రంథుల ద్వారాలు. ఒక వేలు నాలుక కింద, ఇంకొకటి దవడ ఎముక కింద పెడితే మెత్తటి ముద్ద చిక్కుతుంది. లాలాజలపు రాళ్ళు ఎక్కువగా ఏర్పడేది ఈ గ్రంథిలోనే: ఉమ్మి చిక్కన, నాళం పొడుగు, పైగా ఎదురెక్కి రావాలి. తినబోయేముందు దవడ కింద ఉబ్బి, గంటా రెండు గంటల్లో తగ్గిపోతే రాయి ఉందేమో చూపించుకోండి. పిన్నుతో పొడవకండి, నాళం చిరిగి మచ్చకట్టి మూసుకుపోవచ్చు. మూడోజత నాలుక కిందే, నోటి లోపలి పొర మడతలో ఉంటుంది.

టాన్సిల్స్‌కి నోరు బాగా తెరిచి, చెంచా కాడను నాలుక ముందరి మూడింట రెండు వంతుల మీదే ఆనించి "ఆ" అనండి. ఇంకా వెనక్కి పెడితే డోకు తప్పదు. కొండనాలుకకు రెండుపక్కలా రెండేసి మడతలు, వాటి మధ్య గుంతలున్న గులాబీరంగు ముద్దలే టాన్సిల్స్. ఆ గుంతల్లో పేరుకున్న తెల్లటి గట్టి పలుకులు తరచు దుర్వాసనకు కారణం. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే ఊడిరావచ్చు, గోటితో గీకొద్దు. పిల్లల్లో ఇవి పెద్దగా ఉండటం మామూలే.

పెద్దవాళ్ళలో ఒకపక్క టాన్సిల్ మాత్రమే పెరుగుతుంటే చెవి-ముక్కు-గొంతు డాక్టర్‌కి చూపించాలి. నోరు తెరుచుకోక, ఉమ్మి మింగలేక, కొండనాలుక ఒకపక్కకు తోసుకుపోతే అది చీముగడ్డ కావచ్చు, ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి.