ఎలక్ట్రానిక్స్ పరీక్షలకి ఏది కంఠతా పట్టాలి, దేనికి డేటాషీట్ తెరవాలి

ముందు మీరు రాయబోయే పరీక్షలో చేతిలో ఏముంటుందో తేల్చుకోండి. విశాఖలో ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లకి, కంచరపాలెం పాలిటెక్నిక్ అయినా ఆంధ్ర యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ అయినా, సెమిస్టర్ పేపరు, ల్యాబ్ పరీక్ష, వైవా తప్పవు. ఆపైన గేట్ (ఎం.టెక్ లాంటి పీజీ ప్రవేశాలకు రాసే జాతీయ పరీక్ష), నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ లాంటి పోటీ పరీక్షలు. అన్నిటికీ ఒకే తీరుగా చదివితే, అక్కర్లేనిది బట్టీ పట్టి, నోటికి రావాల్సినదాన్ని 'పుస్తకంలో ఉందిలే' అని వదిలేస్తారు.

గేట్‌లో ఫార్ములా షీటు ఉండదు, సొంత కాలిక్యులేటరు తీసుకెళ్లనివ్వరు. తెర మీద ఒక కాలిక్యులేటరు, రాసుకోడానికి స్క్రిబుల్ ప్యాడ్, అంతే. 3 గంటల్లో 65 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి సగటున 2 నిమిషాల 46 సెకన్లు. సెమిస్టర్ పేపర్లో స్మిత్ చార్టు, పట్టికలు, డేటా బుక్కు అనుమతిస్తారో లేదో పాత ప్రశ్నపత్రాలు చూసి, మీ సార్‌ని అడిగి నెల ముందే తెలుసుకోండి. ల్యాబ్ పరీక్షలో డేటాషీట్ (ఒక భాగం పిన్నులు, హద్దులు, గుణాలు చెప్పే తయారీదారు పత్రం) ఇస్తారా లేదా అన్నదీ అప్పుడే అడగాలి.

ఒక్క సమీకరణం నుంచి నాలుగు అంకెలు

ఫార్ములాలు చాలావరకు కంఠతా పట్టాల్సిన పని లేదు. వేరు ఒకటి గట్టిగా పట్టుకుంటే కొమ్మలు అవే వస్తాయి. కెపాసిటర్ ఛార్జింగ్ సమీకరణం చూడండి:

ఏ క్షణానికైనా వోల్టేజ్ = చివరి విలువ + (మొదటి విలువ − చివరి విలువ) × ఇ^(−టి/ఆర్‌సి) (టి కాలం, ఆర్ రెసిస్టెన్స్, సి కెపాసిటెన్స్)

దీన్ని మాటల్లో పెట్టుకుంటే ఇంకా తేలిక. గమ్యానికి మొదట ఎంత దూరం ఉంది, చివర్లో ఎంత మిగిలింది? మొదటిదాన్ని రెండోదానితో భాగించి, నేచురల్ లాగ్ తీసి, ఆర్‌సితో గుణిస్తే పట్టిన కాలం వస్తుంది.

555 టైమర్ ఐసీని ఏస్టేబుల్‌గా, అంటే ఆగకుండా పల్సులు ఇచ్చేలా పెట్టినప్పుడు కెపాసిటర్ సప్లైలో మూడోవంతు నుంచి మూడింట రెండు వంతులకు ఎక్కుతుంది. మిగిలిన దూరం 2/3 నుంచి 1/3కి తగ్గింది, అంటే సగం. 2కి లాగ్ 0.693. ఎక్కేటప్పుడు రెండు రెసిస్టర్ల గుండా, దిగేటప్పుడు రెండోదాని గుండా మాత్రమే కాబట్టి పీరియడ్‌లో రెండో రెసిస్టర్ రెండుసార్లు వస్తుంది. 1ని 0.693తో భాగిస్తే ఫ్రీక్వెన్సీ ఫార్ములాలోని 1.44 వచ్చేసింది. మోనోస్టేబుల్‌లో, అంటే ట్రిగ్గర్ చేసినప్పుడు ఒక్క పల్సే ఇచ్చేలా పెడితే, సున్నా నుంచి 2/3 దాకా ఎక్కాలి. మిగిలిన దూరం 1 నుంచి 1/3కి వచ్చింది, 3కి లాగ్ 1.1. రైజ్ టైమ్ అంటే 10 శాతం నుంచి 90 శాతం దాకా, అంటే మిగిలినది 0.9 నుంచి 0.1కి, 9కి లాగ్ 2.2. బ్యాండ్‌విడ్త్ 1/(2π × ఆర్‌సి) కాబట్టి, దాన్ని 2π తో భాగిస్తే రైజ్ టైమ్, బ్యాండ్‌విడ్త్‌ల లబ్ధం 0.35. ఈ లెక్కన 20 మెగాహెర్ట్జ్ ఆసిలోస్కోప్ సొంత రైజ్ టైమ్ 17.5 నానోసెకన్లు.

ఈ అంకెల్ని విడివిడిగా బట్టీ పట్టినవాళ్లు హాల్లో ఏస్టేబుల్‌కి 1.1 వేసేస్తారు. అంతకన్నా పెద్ద చిక్కు, ప్రశ్న కాస్త తిప్పి ఇస్తే వస్తుంది. 12 వోల్టుల సప్లై, 555లో పై హద్దుని మార్చే 5వ పిన్నుకి బయట నుంచి 9 వోల్టులు ఇచ్చారనుకోండి. పై హద్దు 9 అవుతుంది, కింది హద్దు అందులో సగం, 4.5. ఎక్కేటప్పుడు మిగిలిన దూరం 7.5 నుంచి 3కి, అంటే 2.5కి లాగ్, 0.916. దిగేటప్పుడు మాత్రం 9 నుంచి 4.5కి కాబట్టి మళ్లీ 0.693. పుస్తకంలోని ఫార్ములా వేసినవాళ్ల జవాబు తప్పు, వేరు తెలిసినవాళ్లకి మాత్రం ఇదీ అదే లెక్క.

నోటికి రావాల్సినవి

ఇవి తక్కువే, కానీ తడుముకోకూడదు. గది ఉష్ణోగ్రత దగ్గర థర్మల్ వోల్టేజ్ 26 మిల్లీవోల్టులు. ఎలక్ట్రాన్ ఛార్జి 1.6 × 10^−19 కూలంబులు. శూన్యపు పర్మిటివిటీ 8.854 × 10^−12. పవర్‌లో రెట్టింపు 3 డెసిబెల్స్, వోల్టేజ్‌లో రెట్టింపు 6. 10కి నేచురల్ లాగ్ 2.303. రెసిస్టర్ కలర్ కోడ్, ముఖ్యమైన లాప్లాస్ జతలు. వీటికి చదివిందే చదవడం పనికిరాదు. ఖాళీ కాగితం తీసుకుని చూడకుండా రాసి, తప్పుల్ని ఎర్రపెన్నుతో దిద్దుకోండి. మర్నాడు, మూడోరోజు, వారానికి మళ్లీ ఖాళీ కాగితంతోనే మొదలుపెట్టండి. గాజువాక నుంచి మద్దిలపాలేనికి సిటీ బస్సులో వచ్చేవాళ్లకి ఆ ప్రయాణం చాలు, కాగితం కూడా లేకుండా మనసులోనే అప్పజెప్పుకోవచ్చు.

జ్ఞాపకాన్ని నమ్మకూడనివి

పిన్నులు, గరిష్ఠ హద్దులు. ఇక్కడ బట్టీ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. 7400 నాండ్ గేటులో 1, 2 ఇన్‌పుట్లు, 3 అవుట్‌పుట్. అదే అలవాటుతో 7402 నార్ గేటు వైరింగ్ చేస్తే అంతా తలకిందులే, ఎందుకంటే అందులో 1 అవుట్‌పుట్, 2, 3 ఇన్‌పుట్లు. స్విచ్ వెళ్లి అవుట్‌పుట్‌తో కొట్లాడుతుంది, ఐసీ వేడెక్కుతుంది, ట్రూత్ టేబుల్ కుదరదు. 'ఐసీ పోయింది సార్, ఇంకోటివ్వండి' అన్న మాటల వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

ట్రాన్సిస్టర్లదీ ఇదే గొడవ. చదునైన ముఖం మీవైపు, కాళ్లు కిందికి ఉంచితే బీసీ547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. పీఎన్2222కి ఎమిటర్, బేస్, కలెక్టర్. రెగ్యులేటర్లలో 7805కి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్ వరస అయితే, 7905కి గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. పైగా దాని లోహపు ట్యాబ్ ఇన్‌పుట్‌కే కలిసి ఉంటుంది. రెంటినీ మధ్యలో మైకా (కరెంటుని ఆపే పలుచటి రేకు) లేకుండా ఒకే హీట్‌సింక్‌కి బిగిస్తే షార్టే.

అందుకని పిన్నుల్ని కాదు, డేటాషీట్ చదవడాన్ని సాధన చేయండి. తెలియని ఐసీ ఒకటి తీసుకుని, నిమిషంలో మూడు వెతకాలి: పిన్ డయాగ్రామ్ (అది పైనుంచి చూసినదా కిందనుంచి చూసినదా), సప్లై గరిష్ఠ హద్దు, కావాల్సిన గుణానికి కనిష్ఠ, గరిష్ఠ విలువలు. డిజైన్‌కి 'టిపికల్' గడిలోని అంకె వాడొద్దు, మీ చేతికొచ్చిన ముక్క అలా ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. ఒక మాట: మన సముద్రపు గాలికి ఐసీ కాళ్లు, బ్రెడ్‌బోర్డ్ కాంటాక్టులు త్వరగా నల్లబడతాయి. అవుట్‌పుట్ ఊగిసలాడుతుంటే సర్క్యూట్‌ని అనుమానించేముందు మల్టీమీటర్‌తో కంటిన్యూటీ చూడండి.

షీటు అనుమతిస్తే

ఒక ఏ4 కాగితం, మీ చేతిరాతలోనే. ఇంకొకరి షీటు జిరాక్స్ తీస్తే ఏది ఎక్కడుందో వెతకడానికే సమయం సరిపోతుంది. ఫార్ములా పక్కనే అది ఎప్పుడు చెల్లుతుందో రాయాలి. మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ శాచురేషన్ కరెంట్ రాస్తే, డ్రెయిన్-సోర్స్ వోల్టేజ్ గేట్-సోర్స్ వోల్టేజ్‌లోంచి త్రెషోల్డ్ తీసేసిన దానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలన్న షరతు కూడా ఉండాలి. మార్కులు పోయేది షరతు దగ్గరే. ద్వారకానగర్ పౌరగ్రంథాలయం లాంటి నిశ్శబ్దమైన చోట ఆ షీటొక్కదానితో మూడు పాత పేపర్లు పూర్తి సమయం పెట్టుకుని రాయండి. ఒక్కసారీ చూడనిది కొట్టేయండి, కావాల్సొచ్చి దొరకనిది చేర్చండి.

గేట్ కాలిక్యులేటర్, మైనస్ మార్కులు

తెర మీది కాలిక్యులేటర్‌ని మౌస్‌తోనే నొక్కాలి, కీబోర్డు పనిచేయదు. చేతి కాలిక్యులేటర్‌తో నెలల తరబడి సాధన చేసి వెళ్తే అక్కడ వేగం పడిపోతుంది. డిగ్రీల్లో ఉందా రేడియన్లలో ఉందా అన్నది ప్రతి సైన్, టాన్ విలువకి ముందు చూడాలి. కోణం 2π తో వచ్చినప్పుడు డిగ్రీల్లో ఉంచితే జవాబు నమ్మేలా కనిపించే తప్పంకె వస్తుంది.

ఫార్ములా మీద అనుమానం ఉంటే యూనిట్లు కుదిరాయా చూడండి, తర్వాత రెసిస్టర్‌ని సున్నా, అనంతం చేసి జవాబు అర్థవంతంగా ఉందా చూడండి. అయినా తేలకపోతే ప్రశ్న రకం చూసుకోండి. ఒక జవాబే ఎంచుకోవాల్సిన ప్రశ్న తప్పితే 1 మార్కుదానికి మూడోవంతు, 2 మార్కులదానికి మూడింట రెండు వంతులు పోతాయి. అంకె టైపు చేసేవాటికీ, ఒకటికన్నా ఎక్కువ సరైన జవాబులుండే వాటికీ కోత లేదు, కాబట్టి అనుమానపు ఫార్ములాని అక్కడ ధైర్యంగా వాడేయండి.